పట్టు కోసం పెట్టిన ఎడ్జ్‌తో రెయిల్ మీద పేచీ

మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే పొడవాటి పలక స్కీ. దాని అంచు వెంట ఉక్కు పట్టీ, అంటే ఎడ్జ్, పెట్టింది గట్టి మంచును కరుచుకోవడానికి. ఊళ్లో మెట్ల పక్కన ఉండే ఇనప కడ్డీల (రెయిళ్ల) మీద అడ్డంగా జారే అర్బన్ స్కీయర్‌కు కావలసింది అందుకు పూర్తిగా ఎదురు. రెయిల్ మీద ఎడ్జ్ ఎక్కడా తగులుకోకూడదు.

1920ల రెండో సగంలో సాల్జ్‌బర్గ్‌కు చెందిన రుడాల్ఫ్ లెట్నర్ చెక్క స్కీ అంచున ఉక్కు ముక్కలను వరసగా పేర్చి మరలతో బిగించాడు. స్కీ ఎంత వంగినా ముక్కలు దానితోపాటే కదిలేవి. కాకపోతే మరలు ఊడిపోయేవి. విడి ముక్కలు, మరలు వెంట పెట్టుకోక తప్పేది కాదు. 1950 నాటికి అమెరికన్ ఇంజనీర్ హోవర్డ్ హెడ్ లోహపు స్కీలు రావడంతో ముక్కల స్థానంలో అతుకులేని ఒకే ఎడ్జ్ రావడం మొదలైంది. ఇప్పుడు మరలు లేవు. ఎడ్జ్ లోపలి వైపు ఉండే టీ ఆకారపు పళ్లను స్కీ పొరల మధ్య ఎపాక్సీ జిగురు పట్టి ఉంచుతుంది.

1998లో సాలమన్ కంపెనీ వారి టెన్ఎయిటీ ట్విన్ టిప్ (రెండు కొనలూ పైకి వంగిన స్కీ) వచ్చాక, విన్యాసాల కోసం కట్టిన స్కీ పార్కుల్లో రెయిళ్లు మామూలైపోయాయి. కొత్త చిక్కు అక్కడ మొదలైంది. రెయిల్ దెబ్బ పాదం కింద ఒకే చోట పడుతుంది. స్కీ లోపలి మెత్తని భాగం, అంటే కోర్, నొక్కుకుపోతుంది, ఉక్కు మాత్రం అంతగా సాగలేక అడ్డంగా వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. ఒక్క పగులుతో స్కీ పోదు. పక్కపక్కనే రెండు మూడు పడితే మధ్య ముక్క బయటికి పొడుచుకొస్తుంది. ఆ సందులోంచి నీరు దిగి చెక్క కోర్ ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి.

తయారీదారుల మొదటి జవాబు మందం. 2 మి.మీ. చుట్టుపక్కల ఉండే ఎడ్జ్‌ను పార్కు స్కీలకు 2.5 దాకా పెంచారు. బరువు కాస్త పెరిగినా ఇది పనిచేసే మార్గమే. పాదం కింద ఎడ్జ్‌ను ముందే కోసి ఉంచడమంటే లెట్నర్ దగ్గరికే తిరిగి వెళ్లడం: పగులు పాకదు గానీ, కోసిన మూలలు రెయిల్‌కు తగులుకుంటాయి. అక్కడ ఉక్కే లేకుండా చేస్తే జారుడు బాగానే ఉంటుంది, రెయిల్ దాకా వచ్చే గడ్డకట్టిన దారిలో మాత్రం వేగం అదుపు తప్పుతుంది. లిబ్ టెక్ కంపెనీ వారి అలల ఆకారపు ఎడ్జ్ మాగ్నెట్రాక్షన్ వింతగా కనిపించినా, అది మంచు మీద పట్టు పెంచడానికి వచ్చింది. రెయిల్ బాధకు మందు కాదు.

అందుకే ఎక్కువమంది ఇంకా ఆకురాయినే నమ్ముకుంటారు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ కింద ఎడ్జ్ మూలను 45 డిగ్రీల వాలులో గుండ్రంగా అరగదీసి, కొనల వైపు పదును ఉంచుకుంటారు. రాపిడి తిన్న చోట ఉక్కు గట్టిపడి ఉంటుంది. నేరుగా ఆకురాయి పెడితే దాని పళ్లే మొద్దుబారతాయి, కాబట్టి ముందు డైమండ్ స్టోన్‌తో ఆ పొర తీయాలి. ఎడ్జ్ లేచిన చోట తడి పూర్తిగా ఆరాకే నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ నింపి, క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేయాలి. లోపల తేమ మిగిలితే ఆ అతుకు తర్వాతి రెయిల్ మీదే ఊడుతుంది.