నురగ లేచిన జులై: కేసీ వ్యాలీ నీళ్ల తగువు వెనక

కేసీ వ్యాలీ (కోరమంగల-చల్లఘట్ట లోయ) పథకం కింద బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి కర్ణాటకలోని కోలార్ జిల్లా చెరువుల్లోకి పంపుతున్నారు. ఆ నీళ్లకు మూడో దశ శుద్ధి కూడా చేయాలన్న డిమాండ్ మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. కోలార్‌కు ఏడాదంతా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగినా చుక్క పడని ఊళ్లున్నాయి, పడ్డచోట ఫ్లోరైడ్ బాధ. ఇవన్నీ అందరికీ తెలిసినవే. పథకం లెక్కలూ చాలాసార్లు అచ్చయ్యాయి: రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు, దాదాపు 1,342 కోట్ల ఖర్చు. ఈరోజు తగువు అర్థం కావాలంటే వీటికంటే 2018 జులైలో ఏం జరిగిందో చూడాలి.

ఆ ఏడాది జూన్‌లో కోరమంగల-చల్లఘట్ట లోయ నీళ్లు మొదటగా లక్ష్మీసాగర చెరువులోకి చేరాయి. ఏళ్ల తర్వాత నిండిన చెరువును చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల జనం కదిలివచ్చారు. కొన్ని వారాలకే నీటి మీద తెల్లటి నురగ లేచింది. ఆ నురగ అంటే ఏమిటో కోలార్ వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. బెంగళూరులో మురుగు చేరిన బెళ్లందూరు, వర్తూరు చెరువుల నురగ రోడ్ల మీదికి ఎగిరిపడటం వాళ్లు చూసే ఉన్నారు. అదే ఏడాది జనవరిలో బెళ్లందూరు చెరువు దగ్గర మంటలు లేచాయి. ఒకప్పుడు ఆ చెరువు కింద వరి పండించిన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఆ ఊళ్లలో ఉన్నాయి. చెరువు ఎలా పాడైందో వాళ్ల నోట కోలార్ బంధువులు విన్నారు.

పంపింగ్ ఆపారు. విషయం హైకోర్టుకు వెళ్లింది, స్టే వచ్చింది. శుద్ధి సరిపోని నీళ్లు భూమిలోకి ఇంకితే తాగే బోర్లు ఏమవుతాయన్నది పిటిషనర్ల ప్రశ్న. ప్రభుత్వం ఇచ్చిన జవాబే నా దృష్టిలో అసలు మలుపు. ఈ నీళ్లు తాగడానికీ కాదు, పొలాలకు నేరుగా పారించడానికీ కాదు, చెరువులో నిలిచి భూమిలోకి ఇంకడానికే అన్నారు. మట్టి పొరలు మిగతా శుద్ధి చేస్తాయి కాబట్టి రెండో దశ చాలన్నది దాని సారాంశం. సెప్టెంబర్‌లో హైకోర్టు షరతులతో అనుమతించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కొన్ని నెలలకు అదీ తొలగింది. అప్పటికి జిల్లాలో కరువు. నీళ్లు ఆగిపోతాయేమోనని రైతులకు ఒకటే టెన్షన్. ‘ఎంత శుభ్రం చేసి ఇస్తారు’ అన్న ప్రశ్న పక్కకు పోయి, ‘నీళ్లు కావాలా వద్దా’ అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. శుద్ధి గురించి అడిగినవాళ్లు నీళ్లకే అడ్డం పడుతున్నారన్న మాట అక్కడే పుట్టింది. ఇది వాళ్లకు జరిగిన అన్యాయం.

ప్రభుత్వం వైపు చెప్పుకోదగ్గ మాట ఉంది. చెరువుల చుట్టూ భూగర్భ జలాలు పెరిగాయని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) పరిశోధకులు చూపించారు. ఎండిన బోర్లలో నీళ్లొచ్చిన మాట రైతులూ ఒప్పుకుంటారు.

కానీ ‘ఇంకడానికే’ అన్న షరతు కాగితం మీదే నిలిచింది. చేను పక్కనే కాలువ నిండుగా పారుతుంటే, కొత్తిమీర వాడిపోతుంటే, మోటారు పెట్టని రైతు ఎవరు? అలా లాగిన నీళ్లను దొంగతనమంటున్నారు. అవి మట్టిలో ఇంకి బోరులోంచి రాలేదు, కాలువలోంచి నేరుగా ఆకు మీద పడ్డాయి. మట్టి పొరల మీద పెట్టుకున్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

రెండో దశలో సూక్ష్మజీవులు మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినేస్తాయి, బురద అడుక్కి దిగుతుంది. నత్రజని, భాస్వరం, లవణాలు, సబ్బుల అవశేషాలు, క్రిములు ఎంతో కొంత మిగులుతాయి. మూడో దశలో వడపోసి, భాస్వరం తగ్గించి, క్రిములను చంపుతారు. పచ్చిగా తినే పంటలకు వాడే శుద్ధి నీళ్లలో మలసంబంధ కోలిఫాం క్రిములు 100 మిల్లీలీటర్లకు వెయ్యి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్ ఈ లెక్కలోకే వస్తాయి.

అందుకే మూడో దశ వచ్చేదాకా ఈ నీళ్లు వాడక తప్పని రైతు పంటను చూసి వాడాలి. మల్బరీ, నేపియర్ గడ్డి, కలప చెట్లు మేలు. టమాటాకైతే నీళ్లు కాయను తాకకుండా మల్చింగ్ షీటు కింద డ్రిప్ వేయాలి, స్ప్రింక్లర్ వద్దు. ఆకుకూరలకు బోరు నీళ్లే పారించాలి. నీళ్లతోనే నత్రజని వస్తుంది కాబట్టి ఎప్పటిలా యూరియా చల్లితే మొక్క ఆకే ఎక్కువ వేస్తుంది, కాపు తగ్గుతుంది, పురుగు ఎక్కువవుతుంది. మట్టి పరీక్ష చేయించి ఎరువు తగ్గించాలి. ఆ పరీక్షలో లవణాల సంగతీ అడగాలి. ఈ జాగ్రత్తలు చెప్పాల్సినవాళ్లు ఊరూరా తిరిగి చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

బెంగళూరు వాళ్లకూ ఇందులో భాగం ఉంది. నగరంలోని 20 దుకాణాల నుంచి తెచ్చిన 10 రకాల కూరగాయల 400 నమూనాల్లో కొన్నింట సీసం లాంటి భార లోహాలు పరిమితి దాటాయని కర్ణాటక పర్యావరణ పరిశోధన సంస్థ ఎంప్రీ తేల్చింది. దుకాణంలో కొన్న కూరలవి, కోలార్ నీళ్ల మీదే నింద వేయడానికి లేదు. అయినా అలాంటి వార్త వచ్చినప్పుడల్లా మండీలో మాట పడేది రైతే. ఆ మురుగు పంపింది మాత్రం నగరం.

ఇప్పుడు అడుగుతున్నవాళ్లు నీళ్లు ఆపమనడం లేదు. ఇదే కాలువలో, ఇంతే నీళ్లు, ఇంకో దశ శుద్ధి చేసి పంపమంటున్నారు. దానితోపాటు ప్రతి చెరువు నీటి పరీక్ష ఫలితాన్ని నెలనెలా ఆ ఊరి పంచాయతీ గోడకు అంటించాలి. ఏ పంటకు ఏ నీళ్లు పెట్టాలో రైతు తేల్చుకోవడానికి కనీసం ఆ కాగితం కావాలి.