కొస విరిచినా చెడని సంఖ్య

బొబ్బిలి దగ్గర మన ఊరు
సంక్రాంతి వెళ్లిన వారం

పిల్లలూ,

పండుగనాడు మీలో చిన్నది అడిగింది కదా, "తాతయ్యా, సంఖ్య ఎంత పెద్దదైతే అంత సులువుగా ఏదో ఒక ఎక్కంలో పడిపోతుందా?" అని. అరిసెల హడావుడిలో జవాబు చెప్పడం కుదరలేదు. చాలావరకు పడతాయి, అన్నీ పడవు. పెద్దవాటిలోనూ మొండివాళ్లు ఉంటారు.

73939133 అని రాయండి. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. ఇది ప్రధాన సంఖ్య, అంటే ఒకటో ఎక్కంలోనూ తన సొంత ఎక్కంలోనూ తప్ప మరే ఎక్కంలోనూ పడదు. చేత్తో తేల్చాలంటే దీని వర్గమూలం దాకా, 8598 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే వెయ్యికి పైగా వాటితో, భాగించి చూడాలి. ఆ చాకిరీ కంప్యూటరుకు వదిలేద్దాం.

నాకు ముచ్చటేసేది వేరే. దీన్ని చెరకు గడ అనుకోండి. ఎడమన ఉన్న 7 మొదలు, కుడిచివరి 3 కొస. కొస నుంచి ఒక్కో కణుపే విరుస్తూ రండి: 7393913, 739391, 73939, 7393, 739, 73, 7. విరిచిన ప్రతిసారీ చేతిలో మిగిలింది ప్రధాన సంఖ్యే!

మా చిన్నతనంలో బొబ్బిలి దారిన చెరకు బళ్లు వెళ్తుంటే వెనక నుంచి గడ లాగేవాళ్లం. బండివాడు చెర్నాకోల ఎత్తేలోపు పొలంలోకి పరుగు. మోకాలికేసి విరిస్తే మొదలు ముక్క పెద్దవాళ్లకు, చప్పటి కొస నాకు. తొక్క పంటితో చీల్చబోతే పెదవి కోసుకుపోయేది. మీరు మాత్రం పంచుకునేటప్పుడు మొదలు ముక్క చిన్నవాళ్లకివ్వండి.

సరే, గడకు కొత్త కణుపు పెడదాం. సరి అంకె పెడితే రెండు, 5 పెడితే ఐదు భాగించేస్తాయి. మిగిలినవి 1, 3, 7, 9. మన సంఖ్య అంకెల మొత్తం 38. దానికి 1 గానీ 7 గానీ చేర్చితే మొత్తం 39, 45 అవుతుంది, మూడో ఎక్కంలో పడిపోతుంది. 3, 9 పెట్టినా ప్రధాన సంఖ్య రాదు. ఇలా విరిచినా చెడని ఎనిమిది కణుపుల గడలు అయిదే ఉన్నాయి, దేనికీ తొమ్మిదో కణుపు పట్టదు. అంతకన్నా పొడవైనది ఉంటే, విరుస్తూ వచ్చేసరికి ఆ అయిదింటిలో ఒకటి తేలాలి కదా! అందుకే ఒంటి అంకెలతో కలిపి ఈ జాతి మొత్తం 83, అందరిలో పెద్దది మన 73939133. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు వేల ఏళ్ల క్రితమే నిరూపించాడు. అంతులేని ఆ తోటలో ఈ రకం గడలు ఎనభై మూడుతో సరి. ఎందుకంత తక్కువో తలచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇక మీ వంతు. 53కు కణుపు పెట్టి చూడండి: 531, 533, 537, 539. ఏది ఏ ఎక్కంలో పడుతుందో రాయండి. 533 దగ్గర తొందరపడవద్దు, పదమూడో ఎక్కం వచ్చినవాళ్లను అడగండి. తర్వాత 31 పట్టుకోండి. దానికి 1, 3, 7, 9లలో మూడు పెడితే ప్రధాన సంఖ్య వస్తుంది, నాలుగోది పెడితే రాదు. అవేవో నేను చెప్పను. ఆదివారం ఫోను చేసినప్పుడు మీరే చెప్పాలి.

మీ తాతయ్య