సీరియల్ మీద పేరు పడని రచయిత

శ్రీకాకుళంలో ఇంటర్ చదివే పిల్లల్ని హారీ పోటర్ గురించి అడిగితే గడగడా చెప్పేస్తారు. తెలుగులో అలాంటివి ఏం చదివావురా అంటే మొహమొహాలు చూసుకుంటారు. 'మనకి రాసేవాళ్లేరీ?' అని టీచర్లే అంటుంటారు. ఇవాళ్టి సంగతి అయితే ఒప్పుకోవచ్చు. కానీ మనకి అలాంటి రచయిత ఒకాయన ఉండేవారు, పాతికేళ్లు రాశారు. పిల్లల మాసపత్రిక చందమామలో ఆయన సీరియళ్లు చదివి పెరిగిన మావేపు పెద్దాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలీదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో తెనాలి దగ్గర చినగాదెలవర్రులో పుట్టారు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన 'చందమామ'లో 1952లో ఉద్యోగానికి చేరారు. పత్రిక సంపాదకత్వం చూసిన రచయిత కొడవటిగంటి కుటుంబరావు అక్కడికి వచ్చిందీ ఆ ఏడే. 1954లో 'తోకచుక్క'తో దాసరి సీరియళ్లు మొదలయ్యాయి. 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' ఇలా సాగి, డెబ్భైల చివర్లో వచ్చిన 'భల్లూక మాంత్రికుడు' దాకా మొత్తం పన్నెండు.

నెలకి కొన్ని పేజీలే. పైన బ్రాకెట్లో కిందటి నెల కథ నాలుగు ముక్కల్లో చెప్పేవారు. కింద హీరో ఏ గండంలోనో ఇరుక్కోగానే 'ఇంకా ఉంది'. ఇక నెలంతా టెన్షనే. ఆ పేజీలు చింపి దాచుకుని, కథ పూర్తయ్యాక బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. చింపినందుకు ఇంట్లో తన్నులు వేరే.

ఈ కథల్లో నాకు బాగా నచ్చేది జంట హీరోలు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. లోకాన్ని ఉద్ధరించడానికే పుట్టిన ఒంటరి కుర్రాడు కాదు, అడవిలో పడి తిరిగే ఇద్దరు స్నేహితులు. ఒకడు కత్తి దూస్తే రెండోవాడు బుర్ర వాడతాడు. రాకాసిలోయలో బ్రహ్మదండి మాంత్రికుడిని చూస్తే భయమూ వేస్తుంది, నవ్వూ వస్తుంది. భాష చూస్తే సమాసాల బరువు లేని తేలిక వచనం. పదమూడేళ్లవాడు ఎవర్నీ అడక్కుండా చదువుకుపోవచ్చు. ఇంగ్లీషులో ఇలాంటివాటికి యంగ్ అడల్ట్ అని విడిగా అర కేటాయించారు. మనకి అర లేకుండానే సరుకు వచ్చింది.

ఇంతా చేసి రచయిత పేరు మాత్రం వేయలేదు. బయటివాళ్లు పంపిన కథలకి పేర్లుండేవి, ఆఫీసులో జీతానికి రాసినవాటికి ఉండేవి కావు. కుటుంబరావు రాసినవాటి సంగతీ అంతే. విచిత్రం ఏంటంటే అదే పత్రికలో బొమ్మలకి సంతకాలున్నాయి. సీరియల్ బొమ్మల కింద 'చిత్రా' అని ఉంటుంది. అట్ట మీద 'వ.పా' అని ఉంటుంది. ఆ వడ్డాది పాపయ్య 1921లో మా శ్రీకాకుళంలోనే పుట్టినాయన, అందుకే ఆయన పేరు మావేపు గర్వంగా చెప్పుకుంటారు. పిల్లల్ని నెలంతా కాచుకు కూర్చోబెట్టిన మనిషి పేరు ఎవరు చెప్పుకోగలరు?

చక్రపాణికి ఈ మాంత్రికుల గోల అంతగా నచ్చేది కాదని, ఆపించి చూస్తే అమ్మకాలు తగ్గాయని చెప్పుకుంటారు. రాకాసిలోయ తర్వాత బంకించంద్ర 'దుర్గేశనందిని' వేసిన మాట, మళ్లీ పాతాళదుర్గంతో దాసరికే వచ్చిన మాట మాత్రం పాత సంచికలు తిరగేస్తే కనిపిస్తాయి.

పేరు లేకపోవడంతో వచ్చిన నష్టం ఆయన ఒక్కరిదే కాదు. రచయిత ఎవరో తెలిస్తే కదా, పార్వతీపురంలోనో పలాసలోనో ఓ కుర్రాడు 'నేనూ ఆయనలా రాస్తా' అనుకునేది! కథ బాగుంటే అది చందమామ గొప్ప అయిపోయింది. 1980లో కుటుంబరావు పోయారు. ఆ రోజుల్లోనే వీక్లీల్లో 'తులసిదళం' ఊపు, చేతబడి నవలల వరద. మధుబాబు డిటెక్టివ్‌లతో పాటు జానపదాలూ రాశారు గానీ అవి అద్దె పుస్తకాల షాపు సరుకు, బడి లైబ్రరీ మెట్లెక్కలేదు. చందమామ వయసు దాటిన పిల్లాడు నేరుగా క్షుద్రపూజల్లో పడ్డాడన్నమాట. మధ్యలో మెట్టు లేదు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథకి ఒక ఇల్లు కట్టారు. ఎవరు ఏ కథ ఎప్పుడు రాశారో అక్కడ వెతుక్కోవచ్చు. పిల్లల సీరియల్ నవలకి అలాంటి పూనిక ఎవరూ పట్టలేదు.

దాసరి అర్ధశతాబ్దానికి పైగా చందమామలోనే పనిచేసి 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. 2007లో జియోడెసిక్ కంపెనీ చేతికి వెళ్లిన చందమామ మరికొన్నేళ్లకి ఆగిపోయింది. సీరియళ్లలో కొన్ని తర్వాత పుస్తకాలుగా వచ్చాయి, ఈసారి అట్ట మీద ఆయన పేరుతో.

నా లెక్కలో అసలు సంగతి జీతం దగ్గరుంది. ఆయన పేరు మింగేసింది ఆ నెల జీతమే, పాతికేళ్లు నిశ్చింతగా మాంత్రికుల కథలు రాయనిచ్చిందీ అదే. ఇప్పుడు మా జిల్లాలో ఎవరైనా అలాంటి నవల రాస్తే పేరు పెద్దక్షరాల్లోనే వేసుకోవచ్చు. అచ్చు ఖర్చు మాత్రం చాలాసార్లు తనే పెట్టుకోవాలి.