ఊళ్లో చిన్న బ్రూవరీ పెడతారా? సర్పంచ్ సంతకం మీద కొన్ని అపోహలు

విశాఖలో హోటళ్లు, బేకరీలు, ఐస్ ఫ్యాక్టరీల లైసెన్సు ఫైళ్లు చూడడం నా పని. ఈమధ్య సొంతంగా బీరు కాయాలన్న ముచ్చట పెరిగింది. బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చిన కుర్రాళ్లు, భీమిలి వైపు తోటలున్నవాళ్లు ఫోన్ చేస్తుంటారు. ఆనందపురం దగ్గర ఒకాయన ఏకంగా ట్యాంకులు కొని, షెడ్డులో దింపించి, అప్పుడు నన్ను పిలిచారు. "సర్పంచ్ మా బావమరిదేనండి, తీర్మానం కూడా అయిపోయింది. ఇంకేటి కావాలి?" అన్నారు.

ఇంకా చాలా కావాలి. ఆయనతో మొదలైన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పంచాయతీ ఒప్పుకుంటే బీరు కాయొచ్చు.

కాయకూడదు. మద్యం తయారీ, అమ్మకం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని విషయం. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం ఏదీ తయారుచేయకూడదు. ఆ లైసెన్సు ఇచ్చేది ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖ. పంచాయతీ చేతిలో ఉన్నది వేరు: ఆ స్థలంలో కట్టడం కట్టొచ్చా, యంత్రాలు బిగించొచ్చా, చుట్టుపక్కలవాళ్లకు కంపు, చప్పుడు, మురుగు బాధ ఉంటుందా అన్నవి. విశాఖ నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) పరిధిలో అయితే ట్రేడ్ లైసెన్సు రూపంలో ఇదే పని జరుగుతుంది. అంటే ఒకరు చోటు గురించి అడుగుతారు, ఒకరు సరుకు గురించి అడుగుతారు. రెండు కాగితాలూ ఉండాల్సిందే, ఒకటి చూపించి రెండోది తప్పించుకోలేం.

బావమరిది సర్పంచ్ అయినంత మాత్రాన ఊరు ఒప్పుకున్నట్టు కూడా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధించారు. మద్యం అన్న మాట వినగానే ఆ రోజులు గుర్తుకొచ్చే పెద్దమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు ముందే వివరంగా చెప్పుకోవడం మంచిది. ట్యాంకులు లారీలో దిగాక చెబితే వినరు.

అపోహ: హైవే పక్కనైతే గిరాకీ, పైగా ఊళ్లో గొడవుండదు.

ఇక్కడే ఆనందపురం ఆయన ఇరుక్కున్నారు. షెడ్డు 16వ నంబరు జాతీయ రహదారికి కూతవేటు దూరంలో ఉంది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకాలు ఉండకూడదంది. 2017 మార్చిలో, 20 వేలలోపు జనాభా ఉన్న చోట్ల దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. తర్వాత మునిసిపల్ ప్రాంతాలకు సడలింపు దొరికింది. అందుకే మీ సర్వే నంబరు కార్పొరేషన్లో ఉందా పంచాయతీలో ఉందా అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న. చాలామందికి అదే తెలియదు. భీమిలి జీవీఎంసీలో కలిసింది, ఆనందపురం మండలం పంచాయతీల కిందే ఉంది. మధ్యలో ఎక్కడో ఉన్న తోటవాళ్లు పన్ను రసీదు వెతికితేగానీ చెప్పలేరు.

సముద్రం కనిపించే చోటు కావాలంటారు కొందరు. పోటు వేళ నీళ్లు చేరే గీత నుంచి 500 మీటర్ల వరకూ తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. బీచ్ రోడ్డు మీద పాత షెడ్డు చవగ్గా వచ్చిందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

అపోహ: ఇంట్లో తాగడానికి ఇరవై లీటర్లయితే ఎవరూ అడగరు.

అడుగుతారు. అమ్మకపోయినా తయారీ తయారీయే.

అపోహ: కల్లుగీత లైసెన్సు ఉంది, దాని మీద బీరు కూడా నడిపేయొచ్చు.

గీత కార్మికుల సొసైటీలకు, చెట్టు పేరున గీసేవాళ్లకు ఇచ్చే లైసెన్సు తాడి, ఈత చెట్ల కల్లుకే. చెట్టులోంచి వచ్చే రసం దానంతటదే పులుస్తుంది. బీరుకు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఉడకబెట్టి, చేదు కోసం హాప్స్ అనే పువ్వులు వేసి, పులియడానికి ఈస్ట్ కలపాలి. చట్టం దృష్టిలో ఈ రెండూ చుట్టాలు కూడా కావు.

అపోహ: చిన్న యూనిట్ కదా, మురుగు ఎంత వస్తుంది? గెడ్డలోకి వదిలేద్దాం.

నా అనుభవంలో ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే. మద్యం అని భయపడతారు గానీ కాలువ గురించి ఎవరూ ఆలోచించరు.

చిన్న బ్రూవరీలో లీటరు బీరుకు ఐదారు లీటర్ల నీళ్లు పడతాయి. ట్యాంకులు కడగడం, గొట్టాలు కడగడం, నేల కడగడం, సగం పని కడుగుడే. ఒక్కసారి 500 లీటర్లు కాస్తే రెండు వేల లీటర్లకు పైనే బయటికి పోతుంది. ఆ నీళ్లలో చక్కెర, ఈస్ట్, ట్యాంకు కడిగిన కాస్టిక్ సోడా ఉంటాయి. చక్కెర తినడానికి సూక్ష్మజీవులు ఎగబడి నీటిలోని ఆక్సిజన్ అంతా లాగేస్తాయి. గెడ్డలో చేపలు తేలాయంటే మర్నాడు మీ గేటు ముందు ఊరు ఊరంతా ఉంటుంది. అందుకే 1974 నీటి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి దగ్గర కట్టకముందు సీఎఫ్ఈ అనే అనుమతి, నడపకముందు సీఎఫ్ఓ అనే అనుమతి తీసుకోవాలి. మురుగు శుద్ధికి ఎంత చోటు వదిలారో ప్లానులో చూపించాలి. షెడ్డు అంతా ట్యాంకులతో నింపేశాక ఆ చోటు ఎక్కడినుంచి వస్తుంది?

నీళ్లు తెచ్చుకోవడమూ అంతే. బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. తీరం దగ్గర బోరులో ఉప్పు తగిలితే బీరు రుచి కూడా పోతుంది.

మాల్టు ఉడికించాక మిగిలే పిప్పి మాట కూడా చెప్పాలి. వంద లీటర్ల బీరుకు సుమారు ఇరవై కిలోల తడి పిప్పి మిగులుతుంది. ఆవులు, గేదెలు ఇష్టంగా తింటాయి. కానీ మన ఎండకు సాయంత్రానికే పులిసి కంపు కొడుతుంది. పాలవాళ్లతో ముందే మాట్లాడుకుని పొద్దున్నే ఎత్తించేయండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ట్యాంకుల కంటే ముందు ఈగల్ని చూస్తారు.

అపోహ: బీరుకు ఫుడ్ లైసెన్సు ఎందుకు?

మద్యానికి కూడా కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలు ఉన్నాయి. 2018లో ఇచ్చారు, 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఆల్కహాల్ 5 శాతం దాటితే స్ట్రాంగ్ బీరు.

అపోహ: మాల్టు, ట్యాంకుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి వస్తుంది.

రాదు. తాగే మద్యం జీఎస్టీలో లేదు, వ్యాట్‌లోనే ఉంది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ ఖర్చు కింద పోయినట్టే. బ్యాంకు లోనుకు ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు ఈ లెక్క మర్చిపోయి తర్వాత టెన్షన్ పడేవాళ్లను చూశాను.

అపోహ: అరకులో పెడితే టూరిస్టులు, పైగా రూల్స్ తక్కువ.

అరకు కాఫీ వేసిన నల్ల బీరు అన్న ఆలోచన నాకూ నచ్చింది. కానీ అరకు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, పైగా షెడ్యూల్డ్ ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలి. మైదానంలో ఊరి మాటకు లేని బరువు ఏజెన్సీలో ఉందన్నమాట. గిరిజనేతరులకు అక్కడ భూమి కొనే వీలూ లేదు.

ఇంతా చేసి ఎక్సైజ్ రూల్స్ ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2019లో షాపులు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో 3,396 షాపులు లాటరీలో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. కాబట్టి ఎవరో రెండేళ్ల క్రితం తెచ్చుకున్న లైసెన్సు కాపీ చూసి మీ లెక్కలు వేసుకోకండి. దరఖాస్తు పెట్టే రోజున ఉన్న జీవో చదవండి.

ఆనందపురం ఆయన ట్యాంకులు ఇంకా టార్పాలిన్ కిందే ఉన్నాయి. మొన్న మళ్లీ ఫోన్ చేశారు. పెందుర్తి వైపు ఇంకో స్థలం చూశారట. "అడ్వాన్సు ఇవ్వలేదండీ. సర్వే నంబరు వాట్సాప్ చేస్తాను, ముందు అది చూడండి" అన్నారు.