చాటలో ఏరేస్తున్న గింజ

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారన్న మాట గోదావరి జిల్లాల్లో మళ్లీ లేచింది. గిన్నెలో నీళ్లు పోసి, పైకి తేలిన గింజల్ని చూపించే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. భీమవరం పక్క పల్లెలో ఉండే మా పెద్దమ్మకు వీడియోతో పని లేదు, ఎప్పటినుంచో ఏరేస్తూనే ఉంది. మొన్న వెళ్లేసరికి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇదిగో చూడు నాన్నా, ఇది మన గింజ కాదు" అని ఒకటి నా అరచేతిలో వేసింది. రంగు కాస్త తేడా, చివరలు మొద్దుగా ఉన్నాయి. పంటి కింద పెడితే పిండిలా నలిగింది.

సాసర్‌లో ఏరి పెట్టిన వాటిలోంచి చిటికెడు తీసి పెనం మీద వేశాం. ప్లాస్టిక్ అయితే కరిగి సాగాలి. ఇవి ఎర్రబడి, తర్వాత నల్లగా మాడాయి. అడుగంటిన అన్నం వాసన వచ్చింది.

అది బియ్యప్పిండే. రక్తహీనత తగ్గించాలని ప్రభుత్వం రేషన్‌లో ఇచ్చే ఫోర్టిఫైడ్ బియ్యంలోని గింజ. ఆ పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్లు కలిపి, మిషన్‌లో గింజ ఆకారంలో ఒత్తుతారు. మిల్లులో వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. బియ్యపుగింజకన్నా తేలిక కాబట్టి కొన్ని తేలతాయి. నిబంధనల ప్రకారం కలిపిన బియ్యం కిలోలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్, 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాముల బి12 ఉండాలి.

ఈ మూడింటిలో రెండోదాని దగ్గర నేను ఆగిపోయాను. పెద్దమ్మ ఏరేస్తున్న గింజలోని ఫోలిక్ యాసిడ్‌కూ ఆ అరుగుకు నాలుగడుగుల దూరంలో ఉన్న భీమవరానికీ చుట్టరికం ఉంది.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేదరికం, మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గొడవ, హార్వర్డ్‌లో ఫాస్ఫరస్ పరీక్ష, రాని నోబెల్... ఏటా ఆయన జయంతికి చెప్పుకునే కథే, ఇక్కడ వదిలేస్తాను. నేటి గొడవకు కావాల్సింది ఆయన ఇంట్లో జరిగిన చావులు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో గ్రహణి వ్యాధితో పోయారు. ఇంగ్లిష్ వైద్యులు స్ప్రూ అంటారు. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటపట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం పడిపోతుంది, మనిషి అన్నం ముందు కూర్చునే చిక్కిపోతాడు. తర్వాత సుబ్బారావుకూ అదే జబ్బు పట్టుకుంది. ఆయుర్వేదం తెలిసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో ఆయన బోస్టన్ ఓడెక్కింది ఉష్ణమండల వ్యాధులు చదవడానికి. గ్రహణి అంతు చూడాలన్న పట్టుదల ఆ ప్రయాణంలో ఉందని నా నమ్మకం.

అప్పట్లో బోస్టన్ వైద్యులందరి నోటా కార్జం మాటే. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత వచ్చినవాళ్లకు రోజూ కార్జం తినిపిస్తే లేచి కూర్చుంటున్నారని 1926లో మైనాట్, మర్ఫీ చూపించారు. కార్జంలో రక్తం పట్టించేదేదో ఉంది, అదేంటన్నది ఎవరికీ తెలీదు. బొంబాయిలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్ సారం పనిచేస్తోందని గమనించింది. టెక్సస్‌లో 1941లో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే కార్జం సారాన్ని వడగట్టడం మొదలుపెట్టారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాక అదే పని పెద్ద ఎత్తున సాగించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది.

టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని క్యూబాలో గ్రహణి రోగులకు ఇచ్చాడు. నాలుక పూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం ఎక్కింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకు మందు దొరికింది.

కథ ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో మలుపు ఆ తర్వాతి మూడేళ్లలో ఉంది. పెర్నీషియస్ అనీమియా రోగులకూ ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. రక్త పరీక్ష బాగానే వచ్చింది. కానీ కొందరికి కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం మొదలైంది. పైకి రక్తం బాగుపడుతుంటే లోపల నరాలు దెబ్బతింటున్నాయి. కార్జంలో ఉన్నది ఒక్కటి కాదు, ఇంకోటి కూడా ఉందని తేలింది. అదే బి12. అమెరికాలో, ఇంగ్లండ్‌లో 1948లో దాన్ని విడదీశారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు, 53 ఏళ్లకు.

ఇంకో సంగతి బోస్టన్‌లోనే విలియం కాసిల్ అంతకు ముందే చూపించాడు. ఈ రోగులు తినక కాదు, జీర్ణాశయంలో ఊరాల్సిన ఒక పదార్థం ఊరక బి12 ఒంటపట్టడం లేదు. అంటే రక్తం తక్కువైందంటే తిండిని మాత్రమే కాదు, కడుపునూ పేగునూ చూడాలి. పళ్లెంలో వడ్డించింది వేరు, పేగు పుచ్చుకున్నది వేరు. ఈ పాఠాల్లో సగం ఈనాటి గింజలోకి వచ్చింది, అందుకే ఫోలిక్ యాసిడ్ పక్కన బి12 ఉంది. మిగతా సగాన్ని, అంటే పేగు సంగతిని, ఎవరూ ఎత్తడం లేదు.

ఈ బియ్యాన్ని వ్యతిరేకించేవాళ్లు మన తాతల నాటి బియ్యంలో అన్నీ ఉండేవంటారు. దంపుడు బియ్యం విషయంలో నిజమే. కానీ మిల్లులొచ్చాక డెల్టా తిన్నది తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం. తవుడు గేదెలకు పోయింది. తవుడులో ఉండే బి1 విటమిన్ చాలక వచ్చే బెరిబెరి జబ్బు దేశంలో ముఖ్యంగా కనిపించిన చోటు ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తాయే. కూనూరులో పరిశోధకులు మెకారిసన్, నారిస్ 1924లో రాసింది ఆ సంగతే. వడ్లు ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం తిన్న ప్రాంతాలు చాలావరకు తప్పించుకున్నాయి. తెల్లన్నం మోజు ఇక్కడివాళ్ల ఒంటి మీద ఒకసారి దెబ్బకొట్టిందన్న మాట.

ప్రభుత్వం వైపు కథ పొట్టిది. ఈ బియ్యం పథకాన్ని ప్రధాని 2021 ఆగస్టు 15న ప్రకటించారు, 2028 డిసెంబర్ దాకా కొనసాగించాలని కేంద్ర కేబినెట్ 2024 అక్టోబర్‌లో నిర్ణయించింది, 2026 ఫిబ్రవరిలో కేంద్రం తాత్కాలికంగా ఆపింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. తలసేమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు ఉన్నవాళ్లకు ఐరన్ కలిపిన తిండి మంచిదేనా అన్న ప్రశ్న మాత్రం ఊరికే కొట్టిపారేసేది కాదు. ఎగువన ఏజెన్సీలో సికిల్ సెల్ కుటుంబాలున్నాయి. మొదట్లో సంచి మీద హెచ్చరిక ఉండాలన్నారు, తర్వాత అవసరం లేదని తీసేశారు. ఎందుకు తీశారో ఆ కుటుంబాలకు వాళ్ల భాషలో కూర్చుని చెప్పాల్సింది.

మోతాదు గురించి భయపడేవాళ్ల కోసం చిన్న లెక్క. ఒక మనిషి నెల రేషన్ 5 కిలోల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ మొత్తం 375 నుంచి 625 మైక్రోగ్రాములు. గర్భిణి రోజూ వేసుకునే ఒక్క ఐరన్ బిళ్లలోనే ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటుంది. విషం అనడానికీ ఇంత కొంచెం సరిపోదు, దీనితోనే రక్తహీనత పోతుందని చెప్పుకోవడానికీ సరిపోదు.

డెల్టాకు ఇలాంటి అనుమానం కొత్త కాదు. బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ బిళ్లలు కూడా 1940ల్లో సుబ్బారావు బృందం తెచ్చిన మందే. చాలా ఇళ్లలో అవి కిటికీ గూట్లోనే ఉండిపోయేవి. అందుకే బిళ్ల చేతికిచ్చి వెళ్లిపోకుండా, ఎదురుగా నిలబడి మింగించాలన్న పద్ధతి పెట్టారు. ఆ నిలబడ్డ అయిదు నిమిషాల్లో ఇంట్లోవాళ్లు అడిగేవాళ్లు, ఆరోగ్య కార్యకర్త చెప్పేది. రేషన్ డిపో దగ్గర ఆ అయిదు నిమిషాలు లేవు. తూకం, వేలిముద్ర, తర్వాతి కార్డు.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. సుబ్బారావు పేరు ఆమెకు తెలుసు, గ్రహణి కూడా తెలుసు, చిన్నప్పుడు వాళ్ల మేనత్త దాంతోనే పోయిందట. పేగు బాగోకపోతే గింజలో ఏం కలిపినా ఒంటపట్టదన్నప్పుడు మాత్రం చాట పక్కన పెట్టింది.

"అయితే మరి చెరువు సంగతేంట్రా?"

వాళ్ల ఊరి మంచినీళ్ల చెరువుకు కాలువ నీళ్లే ఆధారం. వేసవిలో కాలువ కట్టేసేముందు నింపుకుంటారు. కాలువ గట్టు పొడుగునా రొయ్యల చెరువులు, వాటి మురుగు తూములు. కాలువ కట్టేసిన రెండో నెలలో బిందెలో నీళ్లు పచ్చగా దిగుతాయి. పిల్లలకు విరేచనాలు ఆ రోజుల్లోనే ఎక్కువ. సాసర్‌లో మిగిలిన గింజల్ని బియ్యంలో పోసేసి, ఆమె నన్ను చెరువు గట్టుకు తీసుకెళ్లింది.