డొల్ల బోర్డులో గాలి లెక్క

అలల మీద జారే చెక్క సర్ఫ్‌బోర్డును డొల్లగా చేసేవాళ్లు సాధారణంగా ప్లైవుడ్‌తో వెన్నెముక, పక్కటెముకలు కోసి, పైన సన్నని బద్దలు అతికిస్తారు. అస్థిపంజరమే అక్కర్లేని పద్ధతి ఇంకొకటుంది. అందులో పుస్తకంలో పేజీల్లా పలకలను నిలబెట్టి, పక్కపక్కనే అతికిస్తారు.

210 సెం.మీ. పొడవు, 52 సెం.మీ. వెడల్పు బోర్డుకు 25 మి.మీ. మందం పలకలు 21 కావాలి. తేలికైన పౌలోనియా చెక్క దీనికి బాగా నప్పుతుంది. ఒక్కో పలక మీద బోర్డు పక్కనుంచి ఎలా కనబడుతుందో ఆ వంపు గీసి, బ్యాండ్ రంపంతో కోయాలి. తర్వాత లోపలి చెక్క తీసేసి, పైనా కిందా 8 మి.మీ. గోడలు, 30 సెం.మీ.కొకటి చొప్పున 2 సెం.మీ. అడ్డుకట్టలు మాత్రం ఉంచాలి. పక్క పలకలోని అడ్డుకట్ట దీనికి ఎదురుగా రాకూడదు. అన్నీ ఒకే వరసలో ఉంటే బోర్డు అడ్డంగా గదులుగా విడిపోయి, గాలి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోదు. అంచుల్లో రెండేసి పలకలనూ, ఫిన్‌లు (అడుగున ఉండే రెక్కలు) బిగించే తోక భాగాన్నీ తొలవకుండా వదిలేయాలి.

చాలామంది బోర్డు పాడయ్యేది చిత్రిక పట్టేటప్పుడే. పలకలు అతికాక పైభాగం మెట్లు మెట్లుగా ఉంటుంది. అంచుకు పోయేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుంది కాబట్టి అక్కడే ఎక్కువ చెక్క పోతుంది. 8 మి.మీ. గోడ 3కు దిగిందని మోకాలు ఆనించినప్పుడు గానీ తెలియదు. అందుకే అంచువైపు పలకల్లో గోడలు 11 మి.మీ. ఉంచడం మంచిది. జిగురు కూడా ఒక్కసారిగా కాకుండా మూడు నాలుగు పలకలకోసారి పెట్టాలి. లోపల కారిన జిగురును తర్వాత తీయలేం, ఆ బరువు మోయాల్సిందే.

ఇక గాలి సంగతి. బిగుతుగా మూసిన బోర్డు ఎండలో 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి సుమారు 12 శాతం పెరుగుతుంది. వినడానికి చిన్నదే. కానీ 0.7 చదరపు మీటర్ల డొల్ల మీద అది 850 కిలోల బరువుతో లోపలినుంచి తోసినట్టు. అతుకులు విచ్చుకునేది ఇందుకే. అదే బోర్డును చల్లటి నీళ్లలో దించితే గాలి కుంచించుకుని, వెంట్రుకవాసి పగులు ఉన్నా నీటిని లోపలికి పీల్చేస్తుంది. 1932లో డొల్ల బోర్డుకు పేటెంటు పొందిన టామ్ బ్లేక్ తరహా బోర్డుల్లోనూ నీళ్లు తీసేందుకు బిరడా ఉండేది. ఇప్పుడు ఓ-రింగు (నీరు చొరకుండా వేసే రబ్బరు రింగు) ఉన్న ఇత్తడి స్క్రూ చాలు: ఒడ్డుకు రాగానే విప్పాలి, నీళ్లలోకి దిగేముందు బిగించాలి.

చెక్కకు పూసే ఎపాక్సీ అనే గట్టిపడే రెజిన్‌కూ ఇదే సూత్రం. పొద్దున్నే పూస్తే చెక్క వేడెక్కుతూ రంధ్రాల్లోని గాలిని బయటకు నెడుతుంది, పూతనిండా బుడగలే. సాయంత్రం చల్లబడుతున్నప్పుడు పూస్తే చెక్కే రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది.

ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేసేముందు అతుకుల మీద సబ్బునీళ్లు రాసి, స్క్రూ కన్నంలో గొట్టం పెట్టి నోటితో ఊదండి. బుడగ లేచినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. కంప్రెసర్ జోలికి మాత్రం పోకండి, ఎండ చేసే పని అది క్షణంలో చేసేస్తుంది.