పెట్టెకు ఇంత, మనిషికి ఎంత?

ఏ దేశంలో ఫార్మసిస్టు జీతం ఎంతో చెప్పే పట్టికలు మళ్లీ చేతులు మారుతున్నాయి. వాటిలో పైవరుస ఎప్పుడూ అమెరికాదే. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ ప్రకారం 2024 మే నాటికి ఫార్మసిస్టు మధ్యస్థ వార్షిక వేతనం 1,37,480 డాలర్లు. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా చేరే ఫార్మసిస్టుకు 2025-26 స్కేలు 38,682 పౌండ్ల దగ్గర మొదలవుతుంది. ఒకటి అందరి మధ్యస్థం, రెండోది ఆరంభ జీతం. పట్టికలు తయారుచేసేవాళ్లకు అంత ఓపిక ఉండదు. రెండింటినీ డాలర్లలోకి మార్చి పక్కపక్కన పెట్టేస్తారు. చూసినవాళ్లు అమెరికా ఫార్మసిస్టు అదృష్టవంతుడనుకుంటారు.

ఆ అదృష్టవంతులే 2023లో కౌంటర్లు వదిలి బయటికి వచ్చారు. సెప్టెంబరులో కాన్సస్ సిటీ పరిసరాల్లో సీవీఎస్ అనే మందుల దుకాణాల చైన్‌లో ఫార్మసిస్టులు, అక్టోబరులో పలు రాష్ట్రాల్లో మరో చైన్ వాల్‌గ్రీన్స్ ఫార్మసిస్టులు విధులకు వెళ్లలేదు. వారు గట్టిగా అడిగింది జీతం గురించి కాదు. దుకాణంలో ఇంకొక మనిషిని పెట్టండి, టీకాల లక్ష్యాలు తగ్గించండి అన్నారు. అత్యధిక జీతం తీసుకునేవారు పక్కన ఇంకొక మనిషి కోసం పని మానేశారంటే, పట్టికలో కనిపించని గడి ఏదో ఉన్నట్టే.

వైద్యుడూ మందులు ఇచ్చేవాడూ ఎప్పుడు వేరయ్యారు, లైసెన్సులు ఎప్పుడు వచ్చాయి అన్న పాత కథ తెలిసిందే. దాన్ని వదిలేద్దాం. నేటి తగాదా అర్థం కావాలంటే ఒక ఉత్తరం చదవాలి. 2015 డిసెంబరు 17న ఇంగ్లండ్ ఆరోగ్య శాఖ, అక్కడి ప్రభుత్వ వైద్య సేవను నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ కలిసి ఫార్మసీ యజమానుల తరఫున బేరమాడే సంఘానికి పంపిన ఉత్తరం అది. ఫార్మసీలకు ప్రభుత్వం ఇచ్చే నిధులు వచ్చే ఏడాది తగ్గిస్తామన్నది అందులోని సమాచారం. దానికి చూపిన కారణం ఇంకా ఆసక్తికరం: దేశంలో 40 శాతం ఫార్మసీలు గుంపులుగా ఉన్నాయట, పది నిమిషాల నడకలో మూడో అంతకు మించో దొరుకుతాయట. అంటే ఎక్కువైపోయాయని. తర్వాతి నెలలో నాటి మంత్రి అలిస్టర్ బర్ట్ 3,000 దాకా మూతపడవచ్చని పార్లమెంటు సభ్యుల ముందు అన్నారు. 20 లక్షలకు పైగా సంతకాలతో అర్జీ వెళ్లింది. ఫలితం లేకపోయింది. అప్పటిదాకా ఏడాదికి 280 కోట్ల పౌండ్లుగా ఉన్న మొత్తం 2016-17లో 268.7 కోట్లకు, ఆ మరుసటి ఏడాది 259.2 కోట్లకు దిగింది. సంఘాలు హైకోర్టుకు వెళ్లి 2017లో ఓడిపోయాయి.

కోత ఎంతన్నది ఒక సంగతి. దాని ఆకారమే అసలు మలుపు. అంతకుముందు ఓ మోస్తరు సంఖ్యలో మందులు ఇచ్చే ప్రతి ఫార్మసీకీ, తలుపు తెరిచి ఉంచినందుకే అన్నట్టు, ఏడాదికి దాదాపు 25,000 పౌండ్ల స్థిర చెల్లింపు ఉండేది. దాన్ని దశలవారీగా తీసేసి, లెక్కంతా వైద్యుడి చీటీలోని ఒక్కో మందుకు ఇంత ఫీజు అన్నదాని మీదికి మళ్లించారు. ఆ ఫీజు పౌండు పైన కొన్ని పెన్నీలు. దీనికి తోడు అప్పట్లో మొత్తం నిధిలో 80 కోట్ల పౌండ్లు నేరుగా చేతికిచ్చేవారు కాదు. ప్రభుత్వం కట్టే ధర కన్నా చౌకగా మందు కొనుక్కుని మిగుల్చుకోవాలి. మార్కెట్లో ధర ఎగబాకిన నెలలో ఆ మిగులు ఆవిరై, కొన్న ధరకంటే తక్కువకు మందు ఇచ్చి పంపాల్సి వస్తుంది. 2019లో కుదిరిన ఐదేళ్ల ఒప్పందం ఇదే 259.2 కోట్లను 2024 దాకా అలాగే బిగించేసింది. మధ్యలో, 2022 అక్టోబరులో, బ్రిటన్ ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది.

ఆదాయం ఇచ్చిన మందు పెట్టెల లెక్క మీద నిలబడి, పెట్టె రేటు కదలనప్పుడు యజమాని చేతిలో ఉన్న ఒకే ఒక్క మీట మనిషి ఖర్చు. చట్టం ప్రకారం ఫార్మసిస్టు లేకుండా దుకాణం నడవదు కాబట్టి ఆ ఒక్కరూ ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్లు తగ్గుతారు.

ఇది కౌంటర్ వెనక ఎలా ఉంటుందో చూడాలి. ఒక్కో రోగికి ఒక ప్లాస్టిక్ బుట్ట. చీటీ, అల్మరాలోంచి తీసిన పెట్టెలు, లేబుళ్లు అందులోనే. ఒకరు మందులు తీసి లేబుల్ అతికిస్తే మరొకరు సరిచూడాలన్నది ఈ వృత్తిలో మొదట నేర్పే పాఠం. తాను తీసిన పెట్టెలో తన తప్పు తనకు కనపడదు. ఏది తీయాలనుకున్నామో కన్ను అదే చదువుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు బుట్టను పక్కకు నెట్టి, ఇంకేదో పని చేసి, మనసు కాస్త తేలికపడ్డాక తిరిగి వచ్చి చూడమంటారు. ఆ ఇంకేదో పని పేరు ఫోను, టీకా, దగ్గు మందు అడిగే మనిషి. తిరిగి వచ్చేసరికి బల్ల మీద బుట్టలు ఆరు. భోజనానికి తలుపు మూస్తే ఆ అరగంట చీటీలు పక్క వీధికి పోతాయి, కాబట్టి నిలబడే నాలుగు ముద్దలు.

ఇదేమీ ఊహ కాదనడానికి ఉత్తరం కన్నా ముందే ఒక కేసు ఉంది. 2007లో ఇంగ్లండ్‌లో ఒక లోకమ్, అంటే రోజు లెక్కన ఇతరుల దుకాణంలో పనిచేసే ఫార్మసిస్టు, సుదీర్ఘ షిఫ్టులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాల్సిన చోట ప్రొప్రనొలోల్ అనే రక్తపోటు మందు ఇచ్చారు. అక్షర క్రమంలో సర్దిన అల్మరాలో రెండూ దగ్గరదగ్గరగా ఉండే పేర్లు. 2009లో లండన్ క్రిమినల్ కోర్టు ఆమెకు మూడు నెలల జైలు శిక్ష వేసి, అమలు నిలిపివేసింది. మరుసటి ఏడాది అప్పీలులో అది 300 పౌండ్ల జరిమానాగా మారింది. పొరపాటున లేబుల్ తప్పితే నేరస్థులయ్యే చట్టం అప్పటిది. 2018 ఏప్రిల్‌లో గానీ ఫార్మసిస్టులకు చట్టపరమైన రక్షణ రాలేదు. దుకాణంలో ఎంతమందిని పెట్టాలో నిర్ణయించేది యజమాని. బోనులో నిలబడేది లోకమ్. ఆ కేసు తర్వాత వృత్తిలో ఉన్నవాళ్లకు పని గంటల గురించిన మాట జీతం మాటకన్నా పెద్దదైంది.

పెట్టెకు కాకుండా సమయానికి డబ్బు కడితే సరిపోతుందా అంటే, ఇంగ్లండ్ అదీ చూసింది. ఫార్మసీలతో 2005లో కుదిరిన ఒప్పందంలో రోగితో కూర్చుని అతని మందులన్నీ సమీక్షిస్తే ఒక్కోసారికి ఇంత ఫీజు ఇస్తామన్నారు, తర్వాత అది 28 పౌండ్లకు చేరింది. దుకాణానికి ఏడాదికి 400 సమీక్షలు గరిష్ఠం. ఆ గరిష్ఠమే లక్ష్యంగా మారి తమ నెత్తిన కూర్చుందని చైన్ ఫార్మసీల్లోని ఉద్యోగులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. లెక్క సులభం, 400ను 28తో గుణిస్తే 11,200 పౌండ్లు. అవసరం ఉన్న రోగి ఎవరన్న ప్రశ్న ఆ గుణకారంలో ఎక్కడా రాదు. 2021 నాటికి ఆ పథకాన్ని ఎత్తేశారు. 2024 జనవరి 31న మొదలైన ఫార్మసీ ఫస్ట్‌లో ఏడు చిన్న జబ్బులకు చికిత్స చేస్తే 15 పౌండ్లు అన్నారు. ఆ 15 పౌండ్లూ దుకాణం ఖాతాలో పడతాయి. చికిత్స చేసిన మనిషికి అదనపు సిబ్బంది వస్తారా అన్నది యజమాని దయ.

ఇంతలో 2019 నుంచి కుటుంబ వైద్యుల క్లినిక్కులు ప్రభుత్వ డబ్బుతో ఫార్మసిస్టులను చేర్చుకోవడం మొదలుపెట్టాయి. పగటి ఉద్యోగం, కుర్చీ, భోజన విరామం. దుకాణాల నుంచి మనుషులు అటు కదిలారు, లోకమ్ రేట్లు ఎగిశాయి. కోతల వల్లే తాము కుదేలవుతున్నామని, పైగా సర్కారే తమ సిబ్బందిని ఎగరేసుకుపోతోందని యజమానులు అన్నారు. అందులో నిజం ఉంది. 2023లో లాయిడ్స్‌ఫార్మసీ అనే చైన్ సైన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్లలోని తన 237 శాఖలను వదులుకుని, మిగతావాటినీ అమ్మేసుకుంది. 2024 నవంబరులో యజమానుల జాతీయ ఫార్మసీ సంఘం సభ్యుల్లో ఓటు వేసినవారిలో 99 శాతం సేవలు తగ్గించడానికి సరే అన్నారు. 1921లో పుట్టిన సంఘానికి అది మొదటి అనుభవం. 2025 మార్చి చివర ప్రభుత్వం దిగివచ్చి 2025-26కు 307.3 కోట్ల పౌండ్లు ప్రకటించింది, మందుకు ఫీజు 1.46 పౌండ్లయింది. సంతోషమే. ఆ 19 పెన్నీల పెంపులో ఎంత భాగం రెండో మనిషిగా మారి కౌంటర్ వెనకకు రావాలో ఒప్పందం చెప్పదు.

యజమాని ఫార్మసిస్టే అయితే ఇలా జరగదని వాదించేవాళ్లు జర్మనీని చూపిస్తారు. అక్కడ దుకాణం ఫార్మసిస్టు చేతిలోనే ఉండాలి, ఒక ప్రధాన శాఖ, మూడు ఉపశాఖలకు మించకూడదు. ఆ నియమం చెల్లుతుందని 2009లో యూరోపియన్ న్యాయస్థానం కూడా చెప్పింది. అయినా జాడ్యం అదే. 2004లో మందు ధరలో వాటా పద్ధతి తగ్గించి, పెట్టెకు 8.10 యూరోలు, మీద 3 శాతం అని నిర్ణయించారు. 2013లో అది 8.35 అయింది. ఆ తర్వాత ఒక పుష్కరం గడిచినా కదలలేదు. 2023 జూన్ 14న దేశవ్యాప్తంగా ఫార్మసీలు తలుపులు మూసి నిరసన తెలిపాయి. 2008లో 21,600 ఉన్న దుకాణాలు 2024 చివరికి 17 వేల చిల్లరకు చేరాయి. 2025లో అధికారంలోకి వచ్చిన కూటమి 9.50 యూరోలు చేస్తామని ఒప్పందంలో రాసుకుని, ఆ శరదృతువులోనే ఖజానా పరిస్థితి చూపి వాయిదా వేసింది.

ఇక మళ్లీ అమెరికా. అక్కడ పెట్టె రేటును ప్రభుత్వం బదులు బీమా కంపెనీల తరఫున మందుల చెల్లింపులు చూసే పీబీఎంలనే మధ్యవర్తి సంస్థలు నిర్ణయిస్తాయి. మూడింటి చేతుల్లోనే 80 శాతం చీటీలు. అందులో పెద్దదొకటి సీవీఎస్ గొడుగు కిందిదే. 2000 తర్వాత వృత్తిలోకి రావడానికి డాక్టర్ ఆఫ్ ఫార్మసీ పట్టా తప్పనిసరి అయింది. కాలేజీలు 80 నుంచి 140 దాటాయి, చదువు అప్పు లక్షన్నర డాలర్లు దాటింది. విదేశాల్లో చదివినవారైతే 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవారికి ఐదేళ్ల కోర్సు ఉండాలన్న నిబంధన నాలుగేళ్ల బీఫార్మసీ వాళ్లకు తలుపు మూసేసింది. మధ్యస్థ వేతనం 2010లో 1,11,570 డాలర్లు. 2024 అంకెతో పోలిస్తే పెరుగుదల 23 శాతం. ఆ కాలంలో అక్కడి ధరలు పెరిగింది 40 శాతానికి పైగా. పైవరుసలో ఉన్న అంకె నిజానికి పద్నాలుగేళ్లుగా కిందికి జారుతోంది. పని పరిస్థితుల మీద చట్టం చేసిన రాష్ట్రాల్లో కాలిఫోర్నియా ముందుంది. ఫార్మసిస్టును ఒంటరిగా ఉంచరాదని 2018లో, చైన్లు కోటాలు పెట్టరాదని 2021లో చట్టాలు తెచ్చింది. ఆ రెంటికీ జీతంతో సంబంధం లేదు.

ఆస్ట్రేలియాలో ఫీజు పోరు 1990 నాటిది. ఫీజు తగ్గించాలన్న ట్రైబ్యునల్ నిర్ణయం మీద గొడవ జరిగి, 1991 నుంచి ప్రభుత్వానికీ యజమానుల గిల్డ్‌కూ మధ్య ఐదేళ్ల ఒప్పందాల పద్ధతి వచ్చింది. ఉద్యోగుల యూనియన్ అందులో పక్షం కాదు. 2023 సెప్టెంబరు 1 నుంచి దీర్ఘకాలిక జబ్బులకు ఒకేసారి 60 రోజుల మందులు ఇవ్వొచ్చన్నప్పుడు, అదే రోగి మీద వచ్చే ఫీజు సగమవుతుందని గిల్డ్ భగ్గుమంది. ఏడాది తిరగకుండానే 2024 జులై నుంచి ఎనిమిదో ఒప్పందం వచ్చింది, ఐదేళ్లకు 2,650 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా.

ఉద్యోగుల సంగతి వేరే గదిలో తేలింది. కనీస వేతనాలు నిర్ణయించే ఫెయిర్ వర్క్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో మహిళలు ఎక్కువగా ఉన్న వృత్తుల పని విలువను సమీక్షిస్తూ, ఫార్మసిస్టుల కనీస వేతనాలు లింగ వివక్ష కారణంగా తక్కువగా ఉండిపోయాయని తేల్చింది. పెట్టెలెన్ని, ఫీజెంత అన్న లెక్క ఆ తీర్పుకు ఆధారం కాలేదు. కౌంటర్ వెనకున్న మనిషి ఏమి చేస్తుంది, దానికి ఎంత చదువూ బాధ్యతా కావాలి అని చూశారు. పెంపు 14.1 శాతం, మూడు సమాన వాయిదాల్లో: 2025, 2026, 2027 సంవత్సరాల జూన్ 30 నుంచి.